లెన్ ఒప్పుకున్న రోజు

క్లిఫ్ ఆర్మరాడ్ వాళ్ళమ్మ గొంతు విప్పకుండానే కబుర్లన్నీ చెప్పేది. ఆవిడ బర్న్‌లీలో మరమగ్గాల షెడ్డులో నేతపని చేసేది. ఆ మోతలో గొంతుతో పనిలేదు. ఆడవాళ్ళు పెదవులు పెద్దగా కదుపుతూ, కనుబొమలు ఎగరేస్తూ, ముఖంతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆ అలవాటు షెడ్డు దాటి వీధిలోకీ వంటింట్లోకీ వచ్చేసింది. ఎవరికి కడుపు ఆపరేషనైంది, ఎవరి మొగుడు ఏ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు లాంటి సంగతులన్నీ పెరటిగోడకి అటూ ఇటూ నిలబడి, చప్పుడు లేకుండా చెప్పుకునేవాళ్ళు. పిల్లల చెవిన పడకూడదని వాళ్ళ జాగ్రత్త. క్లిఫ్ బడికి వెళ్ళే వయసుకే ఆ పెదవులన్నీ చదివేసేవాడు.

ఆ విద్య అతనికి అరవై దాటాక మళ్ళీ అవసరం పడింది.

పదిహేనేళ్ళకి అతనూ ఆ షెడ్డులోనే చేరాడు. మగ్గాలు బాగుచేసే పని. దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఎక్కడ తన్నుతోందో, ఏ పట్టీ సాగిందో మగ్గం పక్కన నిలబడి చెవితోనే పట్టేవాడు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళని అక్కడ వెక్కిరించేవాళ్ళు. షెడ్డు మూతపడ్డాక ఒక బడిలో కాపలాపని చేసి రిటైరయ్యాడు. చెవులు పోవడం ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ముందు పొద్దుటి పిట్టలు పోయాయి. ఈ ఏడు పిట్టలు తక్కువగా వచ్చాయనుకున్నాడు. తర్వాత కెటిల్ ఈల పోయింది. ఒకరోజు అది మాడి నల్లబడ్డాక పొగ చూసి వెళ్ళాడు. ఆ తర్వాత మనుషుల మాటల్లో అంచులు అరిగిపోయి, గుండ్రటి ముద్దలు మిగిలాయి.

కానీ ముఖం ఎదురుగా ఉంటే అతనికి ఏ ఇబ్బందీ లేదు. అవతలివాళ్ళ పెదవుల మీద నుంచి కళ్ళు తియ్యకుండా వినేవాడు. "క్లిఫ్ ఎంత శ్రద్ధగా వింటాడో!" అని జనం మెచ్చుకునేవాళ్ళు. భార్య జెనెట్‌కి మాత్రం తెలుసు. వంటింట్లోంచి తను పిలిస్తే ఆయన పలకడు. "ఆసుపత్రికి పోయి చూపించుకోవచ్చుగా" అని ఆవిడ అంటూనే ఉంది. ఆవిడ ఆ మాట మొదలుపెట్టగానే ఆయన తల తిప్పేసుకునేవాడు. పెదవులు కనపడకపోతే ఆ మాట అన్నట్టే కాదు.

మనుషులతో అలా నడిపించాడు. పాటల రికార్డుకి పెదవులు లేవు. తంటా అంతా అక్కడే వచ్చింది.

నెలకో ఆదివారం మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, మిల్లు వీధి చివర పబ్బు మేడమీద గదిలో రికార్డుల క్లబ్బు కూర్చుంటుంది. పది పన్నెండు మంది. అందరూ రాక్ సంగీతంతో పెరిగి ముసలైనవాళ్ళే. ఆరోజు మాట్లాడేవాడు తన రికార్డు తెచ్చి, తన చేత్తోనే ప్లేయరు ముల్లు దించాలి. ఒక వైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. గ్లాసు ఖాళీ అయినా లేవకూడదు. అది అయ్యాక తెచ్చినవాడు దాన్ని వెనకేసుకొస్తాడు. ఇంకొకరు లేచి చీల్చిచెండాడతారు. తర్వాత ఓటు. గ్లాసు కింద పెట్టే అట్టబిళ్ళ బొమ్మవైపు పైకి పెడితే ఔనని, బోర్లిస్తే కాదని.

అన్నిటికన్నా కఠినమైన నియమం ఒకటుంది. సొంత బతుకు మధ్యలోకి తేకూడదు. "ఈ పాట వస్తున్నప్పుడే మా షీలా నాతో..." అని ఎవరైనా మొదలుపెట్టారంటే, నోర్మా సీసా మూత తీసే ఇనుపముక్కతో బల్లమీద కొట్టేది.

"నీ కథ మాకొద్దు నాయనా, రికార్డు కథ చెప్పు."

నోర్మా నలభై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. చెవులు చిల్లులు పడే సంగీతం తప్ప వినదు. ఆ గదిలో ఆవిడ మాటకి తిరుగులేదు.

ఆ క్లబ్బులో అసలు సరుకు క్లిఫ్, లెన్‌ల పోట్లాటే. కొత్తగా చేరినవాళ్ళని ముందు దీనికోసమే పిలుచుకొచ్చేవాళ్ళు.

పక్క లోయలో పుట్టిన 'లాంతర్న్ ఫ్లీట్' అనే బ్యాండు ఇద్దరికీ ప్రాణం. ఆ బ్యాండు రెండో ఆల్బమ్ అయ్యాక గిటారు వాయించేవాడు మిగతావాళ్ళతో గొడవపడి వెళ్ళిపోయాడు. మూడోదాంట్లో వాడి చోట కీబోర్డులు వచ్చాయి. అక్కడితో అభిమానులు రెండు ముక్కలయ్యారు. రెండోదాని వాళ్ళు, మూడోదాని వాళ్ళు. మూడోది విడుదలైన రోజునే క్లిఫ్ కొనుక్కుని ఇంటికెళ్ళి, ఒక వైపు విని, అదే సాయంత్రం కొట్టుకి తిరిగి తెచ్చాడు.

"ఇది పాడైపోయింది" అన్నాడు కౌంటరు మీద పెట్టి.

"గీత పడిందా?" అన్నాడు కొట్టువాడు.

"గీత కాదు. బ్యాండే పాడైపోయింది."

వెనక వరసలో నిలబడ్డ బక్కపలచటి కుర్రాడు చెయ్యి చాపాడు. "ఇటిచ్చెయ్. చెవులున్నవాడు తీసుకెళ్తాడు."

అతనే లెన్ విటమ్. అప్పుడు ఉత్తరాలు పంచే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. ఇద్దరూ కొట్టు మూసేదాకా కౌంటరు దగ్గరా, ఆ తర్వాత వీధిలో వానలోనూ వాదించుకున్నారు. ఆ వాదన అక్కడితో ముగియలేదు. పెళ్ళిళ్ళయ్యాయి, షెడ్డు మూతపడింది, జుట్టు తెల్లబడింది. రెండోదా, మూడోదా అన్నది మాత్రం తేలలేదు. లెన్ భార్య బ్రెండా పోయినప్పుడు చర్చి బయట క్లిఫ్ అతన్ని పట్టుకుని, "నీకేం కావాలన్నా అడుగు, లెన్" అన్నాడు.

లెన్ ముక్కు తుడుచుకుని, "మూడోదే గొప్పదని ఒప్పుకో చాలు" అన్నాడు.

"అదొక్కటీ అడక్కు."

నల్లకోట్లు వేసుకున్న ఇద్దరూ సమాధుల మధ్య నిలబడి నవ్వారు. చూసినవాళ్ళు తప్పుపట్టారు కూడా. ఆ రోజు వాళ్ళలో ఎవరైనా మెత్తబడి ఉంటే లెన్‌కి దానికే ఎక్కువ భయం వేసేది.

ప్రతి ఫిబ్రవరిలోనూ క్లబ్బులో 'నిప్పు ఆదివారం' ఉంటుంది. ఇల్లు తగలబడుతుంటే ఒక్క రికార్డు పట్టుకుని బయటికి దూకాలంటే ఏది? ఆరోజు క్లిఫ్ ప్రతిసారీ రెండోదే తెస్తాడు. లెన్ మూడోది తెస్తాడు. ఒకరిదానికి ఒకరు బిళ్ళ బోర్లిస్తారు. అందుకే ఇద్దరిలో ఎవరికీ ఎప్పుడూ అందరి ఓట్లూ పడలేదు.

ఆ ఏడు జనవరిలో క్లిఫ్ లెన్ దగ్గర మూడోది అరువడిగాడు.

"ఎందుకు, పశ్చాత్తాపమా?" అన్నాడు లెన్.

"శత్రువు ఇంటి తలుపులెన్నో చూసి రావాలిగా" అన్నాడు క్లిఫ్.

నిజం అది కాదు. తన చెవులు ఎంతవరకు ఉన్నాయో అతనికి తేల్చుకోవాలని ఉంది. రెండోది పెడితే తేలడం లేదు. దాన్ని పెట్టుకుని కుర్చీలో వాలితే ప్రతి పాటా తీగతో సహా వినిపిస్తోంది. చెవి వింటోందో, జ్ఞాపకం పాడుతోందో విడదీయడం అతని వల్ల కావడం లేదు. అందుకే తను ఎన్నడూ ప్రేమించని రికార్డు కావాలి. కంఠతా రానిది.

జెనెట్ చెల్లెలింటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం పడగ్గదిలో ప్లేయరు ముందు కూర్చుని, హెడ్‌ఫోన్లు చెవులకి అదిమిపెట్టి, చప్పుడు పూర్తిగా పెంచి, లెన్ రికార్డు మీద ముల్లు దించాడు.

డ్రమ్ము తన్నడం తెలిసింది. కింద ఎక్కడో బరువైనదేదో దొర్లుతున్నట్టుంది. అంతే. పాట లేదు. గొంతు లేదు. కీబోర్డులు లేవు. తనను ఇన్నేళ్ళు మండించిన ఆ కీబోర్డులు, ఏ వాదనలోనైనా ముందు వాటినే తిట్టేవాడు, అవి అక్కడ లేనే లేవు. షెడ్డులో ఆఖరి మగ్గం ఆపేశాక నేలలో మిగిలే అదురు లాంటిది మాత్రం ఉంది.

వెంటనే దాన్ని తీసి తన రెండోది పెట్టాడు. పాట మొత్తం వచ్చింది. అప్పుడతనికి భయం వేసింది. తీసేసి మళ్ళీ లెన్‌ది పెట్టాడు. మళ్ళీ తనది. చివరికి రెండు రికార్డులూ రెండు కవర్లూ మంచం మీద పడి ఉండగా వీధి తలుపు తెరుచుకోవడం అదురుగా తెలిసింది. జెనెట్ మెట్లెక్కి వచ్చేలోగా, ఏదో తప్పుపని చేస్తూ దొరికిపోతున్నవాడిలా, చేతికందినది చేతికందిన కవర్లో దోపేసి లేచాడు. చదివే కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. రెండూ ఒకే కంపెనీవి. మధ్యనున్న చీటీ రెండింటికీ అదే ఆకుపచ్చ.

ఆ రాబోయే ఆదివారమే ఆఖరని అతను మనసులో అనుకున్నాడు. ఎవరికీ తెలియకముందే, తన మాటకి ఇంకా విలువుండగానే, రెండోదాని తరఫున ఒక్కసారి గట్టిగా నిలబడాలి. తర్వాత నడుంనొప్పనో మరొకటో చెప్పి మానేయాలి. చెవిటివాడు చెప్పే సంగీతం ఎవరు వింటారు? ఆ గదిలో అతన్ని అందరూ 'చెవులు' అనేవాళ్ళు. ఏ పాటలో ఎవరు శ్రుతి తప్పారో పట్టేది అతనే. ఆ పేరు పోకముందే లేచి వెళ్ళిపోవాలని అతని కోరిక.

నిప్పు ఆదివారం వర్షం. గది నిండా తడిసిన ఉన్ని కోట్ల వాసన, కింది నుంచి మాంసం గ్రేవీ వాసన. క్లిఫ్ లెన్‌కి మూడోదాని కవరు తిరిగిచ్చాడు.

"మారావా?" అన్నాడు లెన్.

"ఇంకా ముదిరాను."

"నోర్మా, ముందు వీణ్ణి కానివ్వు. వీడు పెట్టాక చెవులు కడుక్కోడానికి నాది తర్వాత పనికొస్తుంది."

"నోళ్ళు మూసుకోండి ఇద్దరూ. క్లిఫ్, కానీ" అంది నోర్మా.

అతను రెండోదాని కవర్లోంచి రికార్డు తీసి, అంచులు మాత్రమే పట్టుకుని ప్లేయరు మీద ఉంచి ముల్లు దించాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బల్లమీద ఆనించిన మోచేతుల్లోంచి డ్రమ్ము మొదటి దెబ్బ తెలిసింది. అది చాలు. లోపల పాట లేచింది.

లెన్ కళ్ళు పెద్దవి చేయడం చూశాడు. తర్వాత నోర్మా అరచేత్తో నోరు మూసుకుని భుజాలు కుదిపింది. ఇద్దరు ముగ్గురు మోచేతులతో పొడుచుకున్నారు. లెన్ అతని వైపు తిరిగి, బొటనవేలితో ప్లేయరుని చూపిస్తూ కన్నుకొట్టాడు. ప్రతి ఏటా ఉండే వెక్కిరింపేననుకుని క్లిఫ్ కూడా కన్నుకొట్టాడు. గది గదంతా చప్పుడు లేకుండా నవ్వుకుంది. అతను కళ్ళు మూసుకున్నాడు. పాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆఖరిదాంట్లో గిటారు ఒక్కటే మిగిలి, అడుగు తడబడ్డవాడిలా ఆగి, మళ్ళీ నడిచింది.

కళ్ళు తెరిచేసరికి నోర్మా ముల్లు ఎత్తేసింది. అందరూ ఇంకా నవ్వు ముఖాలతోనే అతని వైపు చూస్తున్నారు. అతను లేచాడు.

"లెన్ ప్రతి ఏడూ అంటాడు, ఈ గిటారు వాయించేవాడికి ఒళ్ళు బద్ధకమని" అని మొదలుపెట్టాడు. "ఒక స్వరం వేసి చాయ్ తాగొచ్చి ఇంకోటి వేస్తాడంటాడు."

ఎవరో గట్టిగా నవ్వారు. అతను చెయ్యెత్తి ఆపాడు.

"ఇప్పుడు మీరంతా విన్నారుగా. ఆఖరి పాటలో మిగతావాళ్ళంతా తప్పుకున్నాక, వాడొక్కడే మిగిలాక, ఆగాడు. ఎందుకాగాడు? చేతకాక కాదు. తర్వాతి స్వరం వాడి దగ్గరుంది. అది వేస్తే పాట అయిపోతుందనీ తెలుసు. అందుకని పట్టుకుని నిలబడ్డాడు. పిల్లను రైలెక్కించి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు చూడండి, రైలు కదిలాక కూడా చెయ్యి దించడు. ఆ చెయ్యి మీకిప్పుడు వినపడింది. నాకు ఇన్నేళ్ళుగా వినపడుతూనే ఉంది, ఒక్కసారి కూడా అరగలేదు."

అలా చాలాసేపు మాట్లాడాడు. ఎప్పుడూ అంత బాగా మాట్లాడలేదు. ముఖాలు చదవడంలో అతన్ని మించినవాడు లేడు గనక, గదిలో నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోవడం గమనించాడు. ముందు నోర్మా ముఖం మారింది. తర్వాత కిటికీ దగ్గరివాళ్ళు తలలు దించుకున్నారు. ఒకరు గ్లాసుని అక్కడే గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నారు. లెన్ నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తన మాటలు వాళ్ళ గుండెకి తగిలాయనుకున్నాడు క్లిఫ్. సొంత బతుకు కొంచెం మధ్యలోకి వచ్చినా నోర్మా బల్ల కొట్టలేదు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. అతని ఒళ్ళు తేలికైపోయింది.

"ఇక కానియ్యి, లెన్. నరుకు" అని కూర్చున్నాడు.

లెన్ లేచాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. ఎప్పుడూ ఊగుతూ, చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి కదలకుండా నిలబడ్డాడు.

"నాకు చెప్పడానికేం లేదు" అన్నాడు. "క్లిఫ్ చెప్పింది నిజం. రెండోదే మంచిది."

పెదవులు చదవడంలో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాడు క్లిఫ్. "ఏమన్నావ్?"

"రెండోదే మంచిదన్నాను. నువ్వే గెలిచావు."

అట్టబిళ్ళలన్నీ బొమ్మవైపు పైకి లేచాయి. లెన్‌ది కూడా. నోర్మా లేచి వచ్చి, ఎన్నడూ లేనిది, క్లిఫ్ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. లెన్ తన కవర్లోకి ఒకసారి తొంగిచూసి మూసేశాడు. "నాది ఇవాళ వద్దులే. దీని తర్వాత ఏం నిలుస్తుంది?" అంటూ కోటు వేసుకున్నాడు.

ఇంటికెళ్ళే బస్సులో క్లిఫ్ కవరుని ఒళ్ళో పెట్టుకుని ఆగి ఆగి నవ్వుకున్నాడు. దారి సగం అయ్యేసరికి ఆ నవ్వు తగ్గింది. ఏదో ముల్లులా గుచ్చుతోంది.

జెనెట్‌కి చెప్పాడు. ఆవిడ బంగాళాదుంపలు చెక్కుతున్న కత్తి పక్కన పెట్టింది.

"లెన్ ఒప్పుకున్నాడా? వాడికి ఒంట్లో బాగాలేదా ఏం?"

నవ్వుతూనే అందిగానీ క్లిఫ్ నవ్వలేదు. తను కూడా అదే అనుకుంటున్నాడు. డాక్టర్లేమైనా చెప్పారేమో లెన్‌కి. చావు దగ్గరపడితేనో, మనసు కలత చెందితేనో తప్ప ఆ మనిషి నోట ఆ మాట రాదు. బ్రెండాని పాతిపెట్టిన రోజున కూడా రాలేదే. రేపే వెళ్ళి అడగాలనుకున్నాడు. పడగ్గదిలోకి వెళ్ళి, రికార్డు మీద వేలిముద్రలు తుడిచి పెట్టేద్దామని కళ్ళజోడు పెట్టుకుని, కవర్లోంచి బయటికి లాగాడు.

ఆకుపచ్చ చీటీ మీద మూడోదాని పేరుంది.

రెండోవైపు తిప్పి చూశాడు. అక్కడా అదే.

నిలబడి ఉన్నవాడు మంచం మీద కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం మొత్తం అతని కళ్ళ ముందు మళ్ళీ నడిచింది. లెన్ బొటనవేలితో చూపించి కన్నుకొట్టాడు. తను తిరిగి కన్నుకొట్టాడు. వాళ్ళు దాన్ని పరిహాసమనుకున్నారు, శత్రువు రికార్డు తెచ్చి పెట్టాడని. అందుకే అంత నవ్వు. తర్వాత తను లేచి, వాళ్ళెవరూ వినని గిటారు గురించి, గదిలో మోగని పాట గురించి, మీరంతా విన్నారుగా అని చెప్పాడు. అది నటన కాదని వాళ్ళకి ఒక్కొక్కళ్ళకే అర్థమవుతుంటే, వాళ్ళ ముఖాలు చూసి తను మురిసిపోయాడు.

జెనెట్ గుమ్మంలోకి వచ్చింది. అతను రికార్డుని ఆవిడకి చూపించాడు, ఆవిడకి దాని సంగతి ఏమీ తెలియకపోయినా.

"నాకు చెవులు పోయాయి, జెన్."

"తెలుసు" అన్నాయి ఆవిడ పెదవులు. గొంతు కలిపిందో లేదో అతనికి తెలియలేదు.

రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడోనాడు రికార్డు తీసుకుని లెన్ ఇంటికి వెళ్ళాడు. లెన్ తలుపు తీసి, చేతిలో కవరు చూసి, ముఖం దించుకుని లోపలికి రమ్మన్నట్టు తల ఊపాడు. వంటింట్లో అతని వైపు పూర్తిగా తిరిగి నిలబడి నోరు బార్లా తెరిచాడు.

"టీ... తాగు...తావా?"

"మామూలుగా మాట్లాడి ఏడువు. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టుంది నిన్ను చూస్తుంటే."

లెన్ ఎర్రబడ్డాడు. కెటిల్ పెట్టి, వీపు అతని వైపు పెట్టి ఏదో అన్నాడు. మళ్ళీ గుర్తొచ్చి ఇటు తిరిగాడు. "నీది నా కవర్లో ఉంది. నీకు తెలియకుండా మార్చేద్దామనుకున్నాను."

"ఎందుకు తిట్టలేదు నన్ను?"

"ఏమని తిట్టమంటావు? 'ఒరేయ్ క్లిఫ్, అది నా రికార్డురా' అని అందరి ముందూ అనాలా?"

"అనాలి. నలభై ఏళ్ళ నుంచి ఏదో ఒకటి అంటూనే ఉన్నావుగా."

"అది వేరు, క్లిఫ్."

"ఏం వేరు? అప్పుడు నేను మనిషిని, ఇప్పుడు కాననా?"

"నీ నోరు పడిపోను, నేనలా అన్నానా?"

"ఆ, అదీ. అలా మాట్లాడు" అన్నాడు క్లిఫ్. ఇద్దరూ కొంచెం నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. లెన్ కప్పులు కడిగినవే మళ్ళీ కడిగాడు.

"పోనీ, ఇప్పుడు చెప్పు" అన్నాడు క్లిఫ్. "ఆదివారం ఏం చెబుదామనుకుని వచ్చావో, అది చెప్పు. రెండోదాన్ని నరుకు. నువ్వది నాకు బాకీ."

లెన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాడు. ఆ గిటారు బద్ధకం, ఆ పాడేవాడి ముక్కు, ఆ పాటలన్నీ వర్షంలో బస్సు కోసం నిలబడ్డట్టుండడం. మాటలన్నీ పాతవే. కానీ ఒక్కొక్క మాటా విడదీసి, ప్రతి పెదవీ కనపడేట్టు నెమ్మదిగా, చిన్నపిల్లాడికి అన్నం ముద్దలు పెట్టినట్టు చెప్పాడు. తిట్టు అలా చెప్తే తిట్టు కాదు. మధ్యలో లెన్‌కే అది తెలిసిపోయి ఆగాడు.

"నా వల్ల కాదు" అన్నాడు.

క్లిఫ్ టీ తాగాడు. తర్వాత, "నాది పెట్టు. మొదటి వైపు" అన్నాడు.

"క్లిఫ్..."

"నేను వినలేను. నువ్వు విను. నీ ముఖం చూస్తూ కూర్చుంటాను."

ప్లేయరు క్లిఫ్ కుర్చీ వెనక అల్మారాలో ఉంది. లెన్ వెళ్ళి పెట్టి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇంట్లో తివాచీ మందం. నేలలోంచి ఏమీ రాలేదు. క్లిఫ్ లెన్ ముఖం మీద కళ్ళు నిలిపాడు.

కాసేపటికి లెన్ ముక్కు పక్కన ముడత పడింది. పాడేవాడు వచ్చాడన్నమాట. క్లిఫ్ లోపల గొంతు లేచింది. అది సరిగ్గా అక్కడే ఉంది. పల్లవి తిరిగొచ్చినచోట లెన్ పెదవి ఒక మూలకి పోయింది. ఎప్పుడూ అక్కడే పోతుంది. రెండో పాట మొదట్లో ఉండే తాళంమార్పు దగ్గర లెన్ కణత గోక్కున్నాడు. క్లిఫ్‌కి అంతా దొరుకుతోంది. లెన్‌కి నచ్చని ప్రతి చోటూ అతనికి ఒక గుర్తు. ఈ రికార్డుని ఇంత దగ్గరగా ఇంకెవరూ వినలేదు. ద్వేషించడానికి ఇన్నేళ్ళు ప్రతి స్వరాన్నీ వెతికి పట్టుకున్నవాడి ముఖం మీద, ఆ రికార్డు ఉన్నదున్నట్టు తిరుగుతోంది. క్లిఫ్ ముందుకు వంగాడు. మూడో పాట. లెన్ కళ్ళు పైకి తిప్పాడు, విసుగ్గా. ఔను, అక్కడ డ్రమ్ము రెండుసార్లు. ఆఖరి పాట వస్తోంది. గిటారు ఒంటరిగా మిగిలే చోటు వస్తోంది. అక్కడ లెన్ ఎప్పుడూ ఊపిరి గట్టిగా వదిలి కుర్చీలో వెనక్కి వాలతాడు.

అప్పుడు లెన్ అతన్ని చూశాడు. క్లిఫ్‌కి తెలియకుండానే అతని చెంపలు తడిసి ఉన్నాయి.

లెన్ ముఖంలో ముడతలన్నీ ఒక్కసారిగా విప్పుకున్నాయి. విసుగు పోయింది. పెదవులు సర్దుకుని చిరునవ్వు తెచ్చుకున్నాయి. బాగుందన్నట్టు, చాలా బాగుందన్నట్టు, మెల్లగా తల ఊపడం మొదలుపెట్టాడు.

క్లిఫ్ ఆ ముఖంలో వెతికాడు. గిటారు మిగిలిందా? ఆగిందా? మళ్ళీ నడిచిందా? లెన్ నవ్వుతూనే ఉన్నాడు, ఊపుతూనే ఉన్నాడు. ఆ ఊపు ఏ తాళానికీ చెందింది కాదు. జాలికి తాళం లేదు. క్లిఫ్ నోరు తెరవబోయాడు, ముఖం అలా పెట్టకు అని చెబుదామని. కానీ రికార్డు తిరుగుతుండగా మాట్లాడకూడదు. అది ఇద్దరికీ ఎముకల్లో ఉన్న నియమం. అందుకని అతను కూడా తల ఊపాడు, లెన్ ఊపుకి తగ్గట్టు.

ఆ వైపు ఎప్పుడు అయిపోయిందో అతనికి తెలియలేదు. లెన్ లేచాక తెలిసింది.